నాన్న కనిపెట్టిన నొక్కు

మా నాన్న ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. ఏ ఎత్తు మేడ ముందునుంచి వెళ్ళినా అందరూ దాని అద్దాలు చూస్తే ఆయన దాని కడుపులో సంగతి చెప్పేవాడు. "దీని గుంతలో నీళ్ళు ఊరతాయి" అనో, "దీని మోటారు ముసలిదైపోయింది, పాపం, మూలుగుతూ లాగుతోంది" అనో. అలాంటి మనిషి నాలుగేళ్ళలో మా ఆరో అంతస్తు ఇంటినుంచి కిందికి దిగింది మూడంటే మూడుసార్లు. మూడూ ఆసుపత్రికే.

మా మేడకి లిఫ్టు లేక కాదు. ఉంది, నిక్షేపంగా నడుస్తోంది. నాన్న అందులో అడుగుపెట్టలేడు. పోనీ మెట్లు దిగుదామంటే ఆయన ఎడమకాలు మోకాలి కిందనుంచి ఇనప ముక్కల ఆసరాతో నిలబడి ఉంది. దిగడం ఒక ఎత్తు, మళ్ళీ ఎక్కడం ఇంకో ఎత్తు.

ఆ ప్రమాదం ఒక సెలవురోజు, ఓ ఆఫీసు మేడలో జరిగింది. లిఫ్టు పనికి ఇద్దరు వెళ్ళాలి. ఒకరు అట్టడుగున గుంతలో, ఇంకొకరు మేడ నెత్తిన మోటారు గదిలో. నాన్న కిందివాడు. పైవాడు నాన్నకంటే ఆరేళ్ళు చిన్న. పదకొండేళ్ళుగా వాళ్ళిద్దరిదీ ఒకే జత. మాకు చుట్టమేమీ కాదుగానీ, ఎప్పుడూ పైనే ఉంటాడని చిన్నప్పుడు నేను 'పైబాబాయి' అన్నాను. ఆ పేరు కంపెనీలో కూడా పాకింది.

ఆరోజు నాన్న ఇంకా గుంతలో ఉండగానే పైన కరెంటు పడింది. కరెంటు రాగానే లిఫ్టు పెట్టె తనంతట తాను అడుక్కి దిగడం దాని అలవాటు. గుంతలో మనిషి ముడుచుకు కూర్చునేంత ఖాళీ వదులుతారు. నాన్న ఆ ఖాళీలోకి దూరాడు, ఎడమకాలు మాత్రం దూరలేదు. పెట్టె పట్టాల మధ్య బిగుసుకుపోయింది. దాన్ని ఎత్తే సామాను సెలవురోజున ఎక్కడెక్కడినుంచో వచ్చేసరికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ పైబాబాయి కింది తలుపు సందు దగ్గర బోర్లా పడుకుని నాన్నతో మాట్లాడుతూనే ఉన్నాడట. నాన్న కళ్ళు మూతలు పడకుండా, తను సైకిలు నేర్చుకున్న కథ నాలుగుసార్లు చెప్పాడట.

తర్వాత కంపెనీవాళ్ళు విచారణ చేశారు. కిందినుంచి మాట రాకుండానే పైవాడు కరెంటు వేశాడని తేల్చి, పైబాబాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. మా ఇంట్లో ఆయన మాట ఎత్తడం మానేశాం. ఎప్పుడైనా ఎత్తితే అమ్మ, "వాడి పేరు నా చెవిన వెయ్యకండి" అనేది. నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి బజార్లో బాబాయి ఎదురొస్తే నేను చూడనట్టు రోడ్డు దాటేశాను. ఆయన నన్ను పిలవబోయి ఊరుకోవడం కంటి చివర కనిపించింది.

నాన్న కాలు కాస్త కుదురుకుంది. మిగతాదే కుదురుకోలేదు. ఇంట్లో ఏ తలుపూ మూయకూడదు. స్నానాల గది తలుపు కింద ఎప్పుడూ ఒక ఇటుక ఉండేది. అందుకని మేం లోపలున్నంతసేపూ, ఎవరూ పొరపాటున రాకుండా, గట్టిగా కూనిరాగం తీసేవాళ్ళం. మా మామయ్య ఎప్పుడొచ్చినా, "మీ ఇంట్లో స్నానం చేయాలంటే సంగీతం నేర్చుకోవాలి బావా" అని నవ్వించేవాడు. జల్లు కొట్టినా బాల్కనీ తలుపు తెరిచే ఉండాలి. రాత్రుళ్ళు అమ్మ దుప్పటి నాన్న ఛాతీ మీదికి రాకుండా నడుందాకా మడిచి కప్పేది. పగలంతా ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉండేవాడు. ఎదుటి మేడ పిల్లలు ఆయనకి 'కిటికీ తాతయ్య' అని పేరు పెట్టారు. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా మా మాస్టారు ఒక పని అప్పగించారు. ఆకాశంలో తిరిగే ఒక దూరదర్శిని వేల వేల నక్షత్రాల వెలుగుని కొలిచి పంపుతుంది. ఆ కొలతల్ని గ్రాఫులుగా గీసి ఇంటర్నెట్లో పెడతారు. యంత్రాలు జల్లెడ పట్టగా జారిపోయినవి ఏమైనా ఉంటే మామూలు మనుషులు కూడా చూసి చెప్పొచ్చు. ఒక్కొక్కళ్ళం రెండువందల గ్రాఫులు చూడాలి. నలభై చూసేసరికి నాకు కళ్ళు తిరిగాయి.

వెనకనుంచి నాన్న తొంగిచూశాడు. "ఏంటే ఈ చీమలబారు?"

"నక్షత్రం వెలుగు నాన్నా. దాని ముందునుంచి ఏదైనా గ్రహం అడ్డంగా వెళితే వెలుగు ఒక్క పిసరు తగ్గుతుంది. వెయ్యి దీపాల్లో ఒకటి ఆర్పినంత. అక్కడ బారు కాస్త కిందికి దిగుతుంది. అది కనిపెట్టాలి."

"మళ్ళీ మళ్ళీ దిగుతుందా?"

"గ్రహమైతే తిరిగి తిరిగి వస్తుంది కదా. సరిగ్గా అంతే వ్యవధిలో దిగాలి."

"లే అక్కణ్ణుంచి" అన్నాడు.

మిగిలిన నూట అరవై ఆయనే చూశాడు. మార్కులు నాకొచ్చాయి, పిచ్చి ఆయనకి పట్టుకుంది. పొద్దున్న టీ తాగి కూర్చుంటే అమ్మ తను కుట్టుపని చేసే యూనిఫాంల కొట్టునుంచి వచ్చేదాకా లేచేవాడు కాదు. బారు దిగిన చోటుని ఆయన 'నొక్కు' అనేవాడు, రేకు డబ్బాకి పడ్డ నొక్కులాగ. లిఫ్టు నడుస్తుంటే దాని అదురుని కాగితం మీద గీసే యంత్రం ఒకటి వాళ్ళ పనిలో ఉండేదట. పట్టా అతుకు అరిగిన చోట గీత ప్రతిసారీ ఒకే చోట ఎగిరేది. "ఎంత లోతు నొక్కిందో చూడకూడదే. ఎంతెంత దూరంలో నొక్కిందో చూడాలి" అని నాకు పాఠం చెప్పాడు. మామయ్య మాత్రం, "బావ గడప దాటడుగానీ తిరిగేదంతా నక్షత్రాల మధ్యనే" అనేవాడు.

ఏడాది గడిచాక, పదకొండువేల చిల్లర గ్రాఫులు చూశాక, ఒక నక్షత్రం దగ్గర ఆయన ఆగిపోయాడు. దానికి పేరు లేదు, పొడవాటి నంబరు ఉంది. మన సూర్యుడికంటే కాస్త చిన్నది, కాస్త ఎర్రనిది. దాని వెలుగు దానంతటదే అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊగిసలాటలో మూడు నొక్కులు. యంత్రం వాటి మధ్య దూరాలు కుదరలేదని పక్కన పడేసింది.

అమ్మ బట్టల కొలతలకి వాడే పాత పేపర్లోంచి నాన్న ఒక సన్నటి పట్టీ కత్తిరించాడు. తెరమీద మొదటి రెండు నొక్కుల దూరాన్ని దానిమీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. అదే దూరం వరసగా ఇంకో మూడుసార్లు వేశాడు. పట్టీని గ్రాఫు మీద పెడితే, మూడో గుర్తు దూరదర్శిని కొలతలు ఆపిన ఖాళీలో పడింది. నాలుగో గుర్తు ఖాళీ చివరి అంచుమీద పడింది. అక్కడ సగం తెగిన నొక్కు ఉంది. ఐదోది సరిగ్గా చివరి నొక్కు మీద కూర్చుంది. ఐదు రోజుల తొమ్మిది గంటలు, మళ్ళీ ఐదు రోజుల తొమ్మిది గంటలు.

నేను కాలేజీనుంచి వచ్చేసరికి పట్టీని తెరకి ఆనించి పట్టుకునే ఉన్నాడు. "నువ్వు చూడు. నా కళ్ళు నాకు అబద్ధం చెబుతున్నాయేమో."

ఆయన చెబుతుంటే నేను ఉత్తరం రాసి ఆ పరిశోధన సంస్థకి మెయిలు పంపాను. నెల తర్వాత ఒక పరిశోధకురాలు జవాబిచ్చింది. శ్రద్ధకి ధన్యవాదాలు, కానీ ఇలాంటివి చాలావరకు ఒకదాన్నొకటి కప్పుకునే జంట నక్షత్రాలై ఉంటాయి అని. నాన్న ఊరుకోలేదు. జంట నక్షత్రాలైతే ఒక నొక్కు లోతుగా, ఒకటి పైపైన ఉండాలి కదా, ఇవన్నీ ఒకే లోతున ఎందుకున్నాయి అని రెండో ఉత్తరం రాయించాడు. వచ్చే నొక్కుల తేదీలు, గంటలు పట్టికగా వేసి జతచేశాడు. ఈసారి ఆవిడ ఫోనే చేసింది. గొంతుని బట్టి చూస్తే నాకంటే ఓ ఎనిమిదేళ్ళు పెద్దదేమో, అంతే.

"మీరు ఏ సంస్థలో పనిచేస్తారు సార్?"

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణమ్మా. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను."

ఆవిడ పట్టికలో తేదీలు పైకి చదువుకుంది. తర్వాత, "మీ పట్టికలో మూడో తేదీన మాకు దూరదర్శిని దొరుకుతుంది. చూస్తాం" అంది.

చూశారు. నాన్న వేసిన గంటకి పదకొండు నిమిషాలు ముందు ఆ నక్షత్రం వెలుగు వెయ్యోవంతు తగ్గింది. రెండున్నర గంటలు అలాగే ఉండి, మళ్ళీ లేచింది. ఆ తర్వాత ఆ అడ్డుపడ్డదాని బరువు తూచడానికి ఆర్నెల్లకి పైన పట్టింది. గ్రహం లాగుడుకి నక్షత్రం ఎంత తూలుతుందో చూసి తూస్తారట. అన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మకి ఆవేళ సెలవు, వంటింటి గుమ్మంలో కూర్చుని గుడ్డ కత్తిరిస్తోంది. నాన్న ఫోనుని స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచాడు. చెవికి ఆనిస్తే ఊపిరి ఆడనట్టుంటుందని ఆయన ఎప్పుడూ అంతే.

"గ్రహమే సార్. భూమికి రెండున్నర రెట్లు పైగా వెడల్పు, ఎనిమిది రెట్లు బరువు. మన సూర్యుడి చుట్టూ ఇలాంటిది ఒక్కటి కూడా లేదు, భూమికంటే పెద్ద, నెప్ట్యూన్‌కంటే చిన్న. నక్షత్రానికి బాగా దగ్గరగా ఉంది కాబట్టి ఆరువందల డిగ్రీల వేడి. బహుశా ఒక వైపే ఎప్పుడూ నక్షత్రం కేసి తిరిగి ఉంటుంది. వ్యాసంలో మీ పేరు కూడా వేస్తున్నాం."

నాన్న ముఖం విప్పారింది. నాలుగేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. అడిగిందే అడుగుతూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. చివరికి, "అక్కడ నేల ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు.

"నేలంటూ ఉండదు సార్. పైన పలచటి గాలి. దిగేకొద్దీ అదే చిక్కబడుతుంది, వేడెక్కుతుంది, బరువెక్కుతుంది. ఇదిగో ఇక్కడికి ఆగాం అనడానికి చోటుండదు. ఎక్కడో లోపల రాయి ఉండొచ్చు, అదీ కరిగే ఉండొచ్చు."

"అంటే పైనున్నదంతా కిందున్నదాని మీద కూర్చుని ఉంటుంది."

"అంతే సార్."

ఫోను కట్ అయిందనుకుని ఆవిడ రెండుసార్లు "సార్?" అంది.

"నామీద ఒకసారి కూర్చుందమ్మా" అన్నాడు నాన్న.

మాకెవరికీ ఎప్పుడూ చెప్పనిదంతా ఆ ముఖం తెలియని మనిషికి చెప్పడం మొదలుపెట్టాడు. గ్రీజు వాసన, చెంపకి ఆనుకుని ఉన్న చల్లటి ఇనుము, ఊపిరి పీలిస్తే పొట్ట దానికి తగలడం. తలుపు సందులోంచి సైకిలు కథ. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించాడు.

"గుంతలో ఎర్ర బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కి ఉంచితే పైన కరెంటు వేసినా పెట్టె కదలదు. మేం బయటికొచ్చాకే దాన్ని వదలాలి. నేను లోపలుండగానే వదిలేశాను. ఇంటికెళ్ళే తొందర. వాడు పైనుంచి కేకేసి అడిగాడు, అయిందా అన్నా అని. అయింది, వెయ్యరా అన్నాను. నేనే అన్నాను. విచారణలో మాత్రం నేనేమీ అనలేదని చెప్పాను."

అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఫోన్లో ఆవిడ, "ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు సార్?" అని మాత్రం అడిగింది. నాన్న, "ఈ ఊళ్ళోనే" అన్నాడు. ఇంకో రెండు మాటలయ్యాక ఫోను పెట్టేశారు.

అమ్మ లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నాలుగేళ్ళు నా చేత వాణ్ణి తిట్టించారు."

"మీ తప్పని తేలితే కంపెనీ మీ మొహం చూడదు అని కంపెనీ ఆఫీసరు ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి చెప్పాడు. అప్పటికి నాకింకా మత్తు దిగలేదు."

"దిగాక?"

"దిగాక కూడా అదే మాట మీద ఉన్నాను."

"ఎవరో పిల్లకి చెప్పగలిగారు. నాకు చెప్పలేకపోయారు" అని అమ్మ కత్తెర తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆరోజు కత్తిరించిన చొక్కాకి ఒక చెయ్యి పొట్టిదైపోయింది.

మూడోరోజు అమ్మే ఎవరినో అడిగి బాబాయి నంబరు తెచ్చి బల్లమీద పెట్టింది. బాబాయి ఇప్పుడు ఒక పార్కింగ్ స్థలంలో కాపలా పని చేస్తున్నాడట. నాన్న ఫోన్ చేశాడు, స్పీకర్లోనే.

"తమ్ముడూ, ఆరోజు నేను అయిందన్నాను."

"తెలుసన్నా. నేను విన్నాను కదా. నాకు చెవుడు లేదు."

"మరి నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను. కాలు చితికినవాడి నోరు ఒకటి, ఒంటిమీద గీత పడనివాడి నోరు ఒకటి. ఎవరిది నమ్ముతారు?" బాబాయి గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "నాకు చెప్పేదేముందన్నా, నాకు తెలిసిందే. మా ఇంట్లో చెప్పు. మా అమ్మకి చెప్పు, నా పెళ్ళానికి చెప్పు. ఫోన్లో కాదు, వచ్చి చెప్పు."

నాన్న నాకేసి చూశాడు. తర్వాత గుమ్మం కేసి.

బాబాయికి సెలవైన రోజు ఉదయం బయల్దేరాం. పన్నెండు వరసల మెట్లు. నేను చంకలో చెయ్యేసి పట్టుకున్నాను. అమ్మ ప్లాస్టిక్ స్టూలు ఒకటి పట్టుకుని ముందు దిగేది, ప్రతి మలుపులోనూ వేసేది. నాన్న కూర్చుని, చెమట తుడుచుకుని, మళ్ళీ లేచేవాడు. మధ్యలో లిఫ్టు రెండుసార్లు మా పక్కనుంచి గుయ్యిమంటూ వెళ్ళింది. రెండుసార్లూ ఆయన అది ఆగేదాకా కదల్లేదు.

బాబాయి ఇల్లు ఒక సందు చివర, ఒకటే గది. కిటికీ లేదు. ఆయన భార్య నేలమీద కూర్చుని మందుల షాపులకి కాగితం కవర్లు అంటిస్తోంది. గదినిండా ఆరబెట్టిన కవర్లు. వాళ్ళమ్మ మంచం మీద పడుకుని ఉంది. నాన్న గడప పక్కనే కూర్చున్నాడు. సందులోంచి గాలి వీచి నాలుగు కవర్లు ఎగిరాయి.

"ఆ తలుపు వెయ్యండి, జిగురు పాడవుతుంది" అంది పిన్ని, తల ఎత్తకుండా.

బాబాయి నాన్న ముఖం చూశాడు. "ఉండనీలే" అన్నాడు.

"వెయ్యరా, ఫర్వాలేదు" అన్నాడు నాన్న.

తలుపు పడింది. బల్బు వెలుతురులో నాన్న మెడ నరాలు బిగుసుకోవడం నాకు తెలుస్తోంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నోటితో ఊపిరి తీస్తూ, మొత్తం చెప్పాడు. ఎర్ర బొత్తాం సంగతి, అయిందన్న మాట, ఆఫీసరుకి చెప్పిన అబద్ధం. మధ్యలో మాట తెగిపోతే ఆగి, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు. ఎక్కడా తన తరఫున ఒక్క ముక్క కలపలేదు.

ముసలావిడ మంచం మీదనుంచి చెయ్యి చాపి కొడుకుని వెతికింది. బాబాయి దగ్గరికి వెళితే ఆయన మణికట్టు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పిన్ని చేతిలో కవరుని అంటించి, ఆరబెట్టి, అప్పుడు మాట్లాడింది.

"ఎన్నేళ్ళయింది?"

"నాలుగమ్మా."

"అన్నలాంటి మనిషి కాలు తీశావు అని నాలుగేళ్ళు నేను ఆయన్ని అనని మాట లేదు. ఆయన ఒక్కసారి చెప్పాడు, నేను నమ్మలేదు. ఇంక చెప్పడం మానేశాడు." ఆమె ఇంకో కాగితం తీసింది. "మీరు వచ్చారు, చెప్పారు. నేను అన్నవి ఎవరు వెనక్కి తీసుకుంటారండీ?"

బాబాయే లేచి తలుపు తీశాడు.

ఇంటికొచ్చి మెట్లు ఎక్కేసరికి సాయంత్రమైంది. నాలుగో అంతస్తు మలుపులో నాన్న చాలాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాడు. అమ్మ పక్కమెట్టు మీద కూర్చుని, ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకుని పిక్క నొక్కింది.

మర్నాడు కంపెనీకి ఉన్నదున్నట్టు రాసి పంపాడు. ఆ వ్యవహారం ముగిసిందని, ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబొచ్చింది. ఆ రెండు ఉత్తరాల నకళ్ళూ పిన్నికి పంపితే దాచుకుందని తెలిసింది. మాటామంతీ మాత్రం లేదు. గ్రహం మీద వ్యాసం అచ్చయింది, పద్దెనిమిది పేర్లలో పదిహేడోది నాన్నది. ఆ పరిశోధకురాలు సభకి రమ్మని పిలిచింది. పద్నాలుగో అంతస్తులో హాలు. నాన్న రాలేనని చెప్పించి, ఇంట్లోనే తెరమీద చూశాడు. ఆయన మళ్ళీ కిందికి దిగలేదు. ఇటుక ఇంకా స్నానాల గది తలుపు కిందే ఉంది.

మేం వాళ్ళింటికి వెళ్ళొచ్చిన ఐదు నెలలకి, ఒక ఆదివారం పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. పేపర్లో చూశానన్నాడు.

"ఏంటన్నా ఆ గ్రహం? నాకర్థమయ్యేలా చెప్పు."

నాన్న చెప్పాడు. పెద్ద దూరదర్శినితో దాని గాలిని కూడా చూశారని, దట్టమైన మబ్బు తప్ప ఏమీ కనిపించలేదని చెప్పాడు. బాబాయి ఊఁ కొడుతూ విన్నాడు.

"దానికి ఏడాదంటే ఎన్నాళ్ళు?"

"ఐదు రోజుల తొమ్మిది గంటలు."

"అయితే నన్ను ఉద్యోగంలోంచి తీసేసి అక్కడి లెక్కన ఎన్నేళ్ళయింది?"

బాబాయి నవ్వుతున్నాడో లేదో స్పీకర్లో తెలియలేదు. నాన్న నిజంగానే పెన్సిలు తీసి పేపరు అంచున లెక్క వేశాడు. తప్పుపోయిందేమోనని ఇంకోసారి వేశాడు.

"మూడొందల ఏళ్ళు కావస్తోంది తమ్ముడూ."

"చాలా ఏళ్ళేనన్నా" అన్నాడు బాబాయి.

ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. నాన్నా పెట్టెయ్యలేదు. అవతలినుంచి కార్ల హారన్లు వినబడుతున్నాయి. మధ్యలో ఒకసారి బాబాయి ఎవరినో, "కొంచెం వెనక్కి తియ్యండి, ఇంకా, చాలు" అనడం వినిపించింది. నాన్న బల్లమీదికి వంగి వింటూ కూర్చున్నాడు.